బండ మీద పడుకునే ఆడవాళ్లు

తాండూరు, వికారాబాద్ చుట్టుపక్కల దవాఖానల్లో ఆడవాళ్ల డాక్టరుగా పనిచేసి రిటైరయ్యాను. ఈ వైపు కొత్తగా పోస్టింగు పడ్డ అమ్మాయిలు అప్పుడప్పుడు ఫోన్ చేస్తుంటారు. కాన్పుల గురించి వాళ్లకు నేను చెప్పేదేమీ లేదు, నాకంటే బాగా చదువుకుని వచ్చారు. వాళ్లకు చేతులు ఆడనిది ఇంకోచోట. నలభై ఐదు దాటిన ఆడమనిషి వచ్చి, ఒళ్లు మండుతుందనీ, నిద్ర పట్టదనీ, మొగుడి ముఖం చూస్తే కోపం వస్తుందనీ చెబితే ఏం చేయాలో వాళ్లకు పాలుపోదు. ముట్టుడిగిన తర్వాతి సంగతులు పుస్తకంలో చివరి పాఠం. పరీక్షకు ముందు అందరం వదిలేసేది అదే.

అందుకే ఇది రాస్తున్నాను. బదిలీలు, ప్రమోషన్లు, ఫైళ్ల గొడవ ఇందులో లేదు. వాటి గురించి వినాలని ఉంటే మా ఆయనను అడగండి, ఆయనకు కంఠస్థం.

ఇద్దరు పెద్దసార్లు

నేను పనిచేసిన దవాఖానల పెద్దసార్లలో ఇద్దరిని ఇక్కడ తలుచుకోవాలి. ఏ ఊళ్లోనో చెప్పను. ఇద్దరూ చల్లగా ఉన్నారు, ఉదయం వాకింగ్‌లో ఎదురవుతారు కూడా.

మొదటాయనకు ముట్టుడగడం జబ్బే కాదు. అది నిజమే, జబ్బు కాదు. కానీ జబ్బు కానిదానికి బాధ కూడా ఉండకూడదని ఆయన నమ్మకం. ఏ పెద్దావిడ వచ్చి ఏం చెప్పినా తల ఎత్తకుండా బి-కాంప్లెక్స్ రాసేవారు. ఒళ్లు మంటలకు అదే, నిద్ర పట్టకపోయినా అదే. ఒకావిడ తన కోడలి మీద ఫిర్యాదు చెప్పుకోవడానికి వచ్చినా అదే రాశారు. ఆమె శ్రద్ధగా తీసుకెళ్లి కోడలికి వేసింది.

రెండో ఆయన దీనికి పూర్తిగా ఎదురు. ఏదో సదస్సుకు వెళ్లొచ్చి, ఈస్ట్రోజన్ అన్న మాట కొత్తగా పట్టుకున్నారు. ఈస్ట్రోజన్ అంటే అండాశయాలు తయారుచేసే హార్మోను. ముట్టు నడిచినన్నాళ్లూ గర్భసంచికే కాదు, ఎముకలకు, చర్మానికి, నిద్రకు, చివరికి మూత్రం దారికి కూడా అది కావలసిందే. ముట్టు ఆగాక బాగా తగ్గిపోతుంది. ఇంతవరకు సార్ చెప్పింది సబబే. ఆ తర్వాతే దారి తప్పింది. వచ్చిన ప్రతి ఆడమనిషికీ రక్తపరీక్ష చేసి లెవెల్ ఎంతో చూడమనేవారు, తక్కువ ఉందంటే మందు రాయమనేవారు. ముట్టు ఆగినవాళ్లకు తక్కువ కాక ఎక్కువ ఎందుకుంటుంది? ఎడారిలో ఇసుక ఉందో లేదో పరీక్ష చేయించినట్టు ఉండేది మా పని.

ఒకరు ఎవరికీ ఏమీ ఇవ్వలేదు, ఇంకొకరు అందరికీ ఇవ్వబోయారు. ఇద్దరూ ఎదురుగా కూర్చున్న మనిషిని ఏమీ అడగలేదు.

మంచమా, బండా

అడగడం నేను ఎట్లా నేర్చుకున్నానో చెబుతాను. ఈ ప్రాంతంలో ఇళ్లల్లో నేల తాండూరు బండది, అంటే నాపరాయిది. వేసవిలో కూడా చల్లగా ఉంటుంది. చలికాలంలో దాని మీద కాలు పెడితే తల దాకా జివ్వుమంటుంది. అలాంటి చలికాలంలో ఒకావిడ వచ్చి నడుము పట్టేసిందని చెప్పింది. ఎందుకు పట్టేసిందో అర్థం కాక, ఎక్కడ పడుకుంటున్నావని అడిగాను. మంచం దిగి బండ మీద పడుకుంటోందట. చాప కూడా లేకుండా.

ఎందుకమ్మా అంటే ఆమె సిగ్గుపడుతూ చెప్పింది. "పొయ్యిల పెట్టినట్టు అయితది మేడం. చెమటకు రైక తడుస్తది. జరసేపటికి గజగజ వణుకుత. మా ఆయన గొంగడి కప్పుతడు, నేను తీసి ఆయన మీదనే ఏస్త."

అప్పటి నుంచి నా మొదటి ప్రశ్న అదే అయింది. మంచం మీద పడుకుంటున్నావా, బండ మీదనా? చలికాలంలో బండ మీద పడుకునే నలభై ఎనిమిదేళ్ల మనిషికి రక్తపరీక్ష అక్కరలేదు. ముట్టు ఆగబోయే రోజుల్లో ఈస్ట్రోజన్ ఇవాళ ఒకలా ఉంటుంది, వారం తిరిగేసరికి ఇంకోలా ఉంటుంది. కాగితం మీద పడ్డ అంకె ఆ ఒక్క పూటకే సాక్ష్యం. మరీ చిన్న వయసులోనే ముట్టు ఆగితే పరీక్షలు చేయించండి, అది వేరే లెక్క. నలభై ఐదు దాటినవాళ్ల విషయంలో మాత్రం చెవులు ఉపయోగించండి, వాటికి బిల్లు కూడా పడదు.

తర్వాత నా వంతూ వచ్చింది. ఓపీలో కూర్చుని ఒక గర్భిణికి చలువ చేసే తిండి గురించి చెబుతూ నేనే ఫ్యాన్ కింద చెమటతో తడిసి ముద్దయ్యాను. ఇంటికెళితే మా ఆయన, ఇల్లంతా ఉక్కగా ఉందనుకుని కొత్త కూలర్ కొనుక్కొచ్చారు. ఆయనకు జలుబు చేసింది. నాకు మంట తగ్గలేదు. నావి ఓర్చుకోగలిగిన బాధలే కాబట్టి మందు జోలికి పోలేదు. ఎట్లా ఉన్నావని నన్ను అడిగినవాళ్లు మాత్రం ఎవరూ లేరు. డాక్టరును ఎవరడుగుతారు?

బోరులో నీళ్లు

తాండూరులో బండల పాలిషింగు యూనిట్లు, ఊరి బయట కంది చేలూ ఉన్న ఒక కుటుంబం. ఆ ఇంటావిడ సుగుణమ్మగారు. హైదరాబాద్‌లో ఒళ్లంతా పరీక్ష చేయించుకుని లావుపాటి ఫైలుతో వచ్చారు. పక్కనే ఆమె భర్త. ఈస్ట్రోజన్ దగ్గర ఎర్ర సిరాతో గుండ్రం చుట్టి ఉంది. ఆ గుండ్రం చూసి ఇద్దరూ బెంగపెట్టుకున్నారు.

ఆయన చాలా గంభీరంగా అడిగారు. "మేడం, బోరుల నీళ్లు కిందికి పోయినట్టేనా గిది? ఇంక లోతుకు ఏపిస్తే పడ్తయా?"

నాకు నవ్వు ఆగలేదు, కానీ పోలిక తప్పేమీ కాదు. ఆ బోరు అంతే, వయసొస్తే ఎండిపోతుంది, అది దాని ధర్మం అని చెప్పాను. చేను ఎండుతోందా లేదా అన్నదే చూడాలి. సుగుణమ్మగారిని అడిగాను. నిద్ర బాగా పడుతుంది, మంటల్లేవు, మంచం మీదే పడుకుంటారు, కోపం పెళ్లయిన నాటి నుంచీ ఇంతేనని ఆయన సాక్ష్యం. పైగా వెనకెప్పుడో కాలి నరంలో రక్తం గడ్డకట్టి ఆస్పత్రిలో ఉన్నారు. అలాంటివాళ్లకు హార్మోను గోలీలు ఇవ్వకూడదు. రొమ్ము క్యాన్సర్ వచ్చినవాళ్లకు, కాలేయం బాగా చెడ్డవాళ్లకు, ఎందుకో తెలియని రక్తస్రావం ఉన్నవాళ్లకు కూడా అంతే. మీకు మందే అవసరం లేదు, నడవండి, ఎండలో కాసేపు తిరగండి, పాలు పెరుగు తినండి అని పంపాను. ఆవిడ కాస్త నిరాశపడ్డారు. ఇంత దూరం వచ్చి సూది లేదు, గోలీ లేదు. నా పేరు ఆ ఇంట్లో కొన్నాళ్లపాటు పెద్దగా వినబడలేదని తర్వాత తెలిసింది.

మల్లమ్మ గోలీలు

హార్మోను మందు నిజంగా అవసరమైన మనిషి ఎవరో చెప్పాలంటే మల్లమ్మ గురించి చెప్పాలి. యాలాల్ దగ్గర ఒక పల్లె ఆమెది. గొర్లు కాసుకునే కుటుంబం, కాస్త పొలం కూడా ఉంది. ముప్ఫై ఏడో ముప్ఫై ఎనిమిదో వయసులో కడుపునొప్పి అని పోతే, ఎవరో గర్భసంచి తీసేశారు, దాంతో పాటే రెండు అండాశయాలూ తీసేశారు. ఎందుకు తీశారో ఆమెకు తెలియదు, కాగితాలు చూసిన నాకూ తెలియలేదు. ఈ ప్రాంతంలో ఇలాంటి ఆపరేషన్లు ఎన్ని చూశానో. పిల్లలు పుట్టాక సంచితో పనేముందని అనుకునే వైద్యం అది. నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది, ఈ మంట వయసుది కాదు.

అండాశయాలు పోతే ఈస్ట్రోజన్ మెల్లగా తగ్గదు, ఒక్కసారిగా పోతుంది. మల్లమ్మ నా దగ్గరికి వచ్చేసరికి నిద్ర లేక కళ్లు లోతుకు పోయాయి. చిన్న వయసులోనే ఇట్లా అయినవాళ్లకు, వేరే అడ్డంకులు లేకపోతే, సహజంగా ముట్టు ఆగే వయసు వచ్చేదాకా హార్మోను ఇవ్వడం మంచిది. లేకపోతే ఎముకలు పలుచబడతాయి, గుండెకూ చేటు. ఆమెకు గర్భసంచి లేదు కాబట్టి ఒక్క ఈస్ట్రోజన్ చాలు. సంచి ఉన్నవాళ్లకు ఒక్కటే ఇస్తే లోపలి పొర మందమవుతుంది, క్యాన్సర్ దాకా పోవచ్చు. అందుకని వాళ్లకు తోడుగా ప్రొజెస్టరోన్ ఇవ్వాలి. ఇది బాగా గుర్తు పెట్టుకోండి.

రాసిచ్చాను. ఈ గోలీలు నీకే, ఎవరికీ ఇవ్వొద్దని ఒకటికి రెండుసార్లు చెప్పాను. మల్లమ్మ తల ఊపింది. మొదటిసారి బాగా తగ్గిందని వచ్చింది. ఆ తర్వాత గోలీలు అయిపోయాయని చాలా ముందుగా వచ్చింది. రెండేసి మింగుతోందేమో అనుకుని పరేషాన్ అయ్యాను. కానీ మనిషిని చూస్తే మళ్లీ చెమటలు, మళ్లీ బండ మీద పడక. ఎక్కువ మింగితే ఇట్లా ఉండదు. గుచ్చి గుచ్చి అడిగితే సంగతి బయటపడింది. మా అక్క, మా ఆడిబిడ్డ, ఎదురింటామె, నేను కలిసి మింగుతున్నం అంది. సగం సగం విరుచుకుని.

ఎవరికీ ఇవ్వొద్దన్నాను కదా అంటే మల్లమ్మ నిజంగా ఆశ్చర్యపోయింది.

"బయటోళ్లకు ఎవ్వలకు ఇయ్యలేదమ్మా. ఒట్టు. ఒక్క గొర్రెకు నట్టల మందు తాపి, కడమ గొర్లను ఇడుస్తమా? అన్నిటికి తాపితెనే ఫాయిదా."

నట్టల మందు అంటే గొర్ల కడుపులో పురుగులకు పోసేది. ఆ మందు వచ్చిన రోజున ఒక్క గొర్రెను కూడా వదలరు. పట్టుకుని, నోరు తెరిచి, అన్నింటికీ పోస్తారు. మల్లమ్మ తన మందకు అదే వైద్యం చేసింది. గొర్లకు అది సరైన వైద్యమే కూడా. ఆమెను తిట్టబోయి, నవ్వొచ్చి కలం కింద పెట్టాను.

మల్లమ్మ నన్ను ఊరడించడానికి ఒక శుభవార్త కూడా చెప్పింది. మందు మస్తు పని చేస్తోందట. ఆమె అక్క అని పిలిచే తోడికోడలు నర్సమ్మకు ముట్టు ఆగి ఆరేడేళ్లయింది, ఇప్పుడు మళ్లీ మొదలైందట. "మా అక్క మల్ల పడుచయింది" అని వాడకట్టంతా చెప్పుకుని నవ్వుకుంటున్నారట.

నా నవ్వు అక్కడే ఆగిపోయింది. నర్సమ్మకు గర్భసంచి ఉంది.

నర్సమ్మ బోనం

ముట్టు ఆగి ఏడాది దాటాక ఒక్క చుక్క మరక పడ్డా సరే, అది ఏమిటో తేలేదాకా డాక్టరు నిద్రపోకూడదు. చాలాసార్లు ఏమీ ఉండదు. కొన్నిసార్లు గర్భసంచి పొరలో క్యాన్సర్ ఉంటుంది, మొదట్లోనే పట్టుకుంటే మనిషి దక్కుతుంది. నర్సమ్మను వెంటనే తీసుకురమ్మని మల్లమ్మను పంపాను.

నర్సమ్మ వచ్చింది, కానీ వైద్యానికి కాదు. నాతో కొట్లాటకు వచ్చింది. బక్కపల్చని మనిషి, గొంతు మాత్రం ఓపీ చివరిదాకా వినబడేది. తాను ముట్టయిందని ఊరంతా చాటించింది మీరేనా అని నన్ను నిలదీసింది. తనకేమీ లేదట, మల్లమ్మ నోరే అంత అట.

"దాని కన్ను నా బోనం కుండ మీద పడ్డది" అంది.

నాకు అర్థం కాలేదు. వాళ్లింట్లో గొర్లకాపరుల దేవుడు బీరప్ప పండుగకు బోనం, అంటే కుండలో నైవేద్యం, వండేది ముట్టుడిగిన ఆడమనిషే. అది వాళ్ల ఇంటి ఆనవాయితీ. అత్త పోయాక ఆ కుండ నర్సమ్మకు వచ్చింది. అంతకుముందు ఆమె మాటకు ఆ ఇంట్లో పెద్ద విలువ లేదు. కుండ వచ్చాక మగవాళ్లు కూడా పండుగ మాట ఆమెనే అడిగి ఖాయం చేస్తున్నారు. ఇప్పుడు మరక సంగతి నిజమని తేలితే కుండ చేతులు మారుతుంది. మారితే ఎవరికి? సంచి లేని మల్లమ్మకు. పండుగ దగ్గరలోనే ఉంది.

చదువుకున్న చదువంతా ఆ క్షణంలో నాకు పనికి రాలేదు. క్యాన్సర్ అని భయపెడితే లేచి వెళ్లిపోయేది. ఆ అంటుముట్ల నమ్మకం తప్పని ఉపన్యాసం ఇచ్చినా అంతే. కాబట్టి ఆమె దారిలోనే వెళ్లి అడిగాను.

"నర్సమ్మా, కాలుకు దెబ్బ తాకి నెత్తురు కారుతుంటే బోనం వండవా?"

"ఎందుకు వండ? గుడ్డ కట్టుకుని వండుత."

"ముట్టు ఆగి ఇన్నేండ్లయినంక పడేది ముట్టు గాదు. లోపల పుండో, గడ్డో ఉంటే గట్ల కారుతది. దెబ్బ నెత్తురు అసుంటిదే గిది. దీనికి అంటు లేదు. కానీ పుండు ఏందో చూడాలె."

 నర్సమ్మ వెనక్కు తిరిగి తలుపు దగ్గర నిలబడ్డ మల్లమ్మను చూసి, విన్నావా అన్నట్టు గడ్డం ఎగరేసింది. మల్లమ్మ తల ఊపింది. అప్పుడు కుర్చీ నా దగ్గరికి జరుపుకుని, ఆ పెద్ద గొంతును ఎంత తగ్గించగలదో అంత తగ్గించి చెప్పింది.

"గోలీలు ఏసుకోకముందు గూడ పడ్డదమ్మా. కంది కోతలప్పటి సంది. ఎవ్వలకు చెప్పలే."

ఆ రోజే స్కానింగ్‌కు పంపాను. స్కానింగ్‌లో లోపలి పొర మందంగా కనబడింది. ముక్క తీసి పరీక్షకు పంపాం. ఫలితం వచ్చేదాకా వాళ్లింటివాళ్ల కంటే నేనే ఎక్కువ ఫికర్ పడ్డాననుకుంటాను. క్యాన్సరే అని తేలింది, కానీ మొదటి మెట్టు మీదే ఉంది. మల్లమ్మ సగం గోలీలు ఆ రోగాన్ని తేలేదు. నర్సమ్మ దాచుకుంటున్న మరకను దాచలేనంత చేశాయి, అంతే. ఇది చదివి మందులు పంచుకోవడం మంచిదేనని ఎవరూ అనుకోకండి. అది అదృష్టం, వైద్యం కాదు.

ఆపరేషన్ పట్నంలో అయింది. నర్సమ్మ ఆస్పత్రిలో ఉండగానే బీరప్ప పండుగ రోజు వచ్చింది. ఇంట్లో మగవాళ్లు మల్లమ్మను వండమన్నారు. నర్సమ్మ భయపడ్డదంతా నిజం కావడానికి ఒక్క మాట చాలు. మల్లమ్మ కుండ ముట్టుకోలేదు. అక్క వచ్చినంకనే పండుగ అని పట్టుబట్టింది. పెద్దవాళ్లు దేవుడి పని ఆగకూడదన్నారట.

"బీరప్పకు గంత తొందరుంటే ఆయననే వండుకొమ్మను" అందట మల్లమ్మ.

పండుగ వాయిదా పడింది. నర్సమ్మ ఇంటికి వచ్చి, కుట్లు మానాక, తానే వండింది. బరువు ఎత్తొద్దని నేను చెప్పి ఉన్నాను కాబట్టి ఆ ఏడు కుండ మల్లమ్మ నెత్తిన పెట్టి, పక్కనే నడుస్తూ, సరిగ్గా పట్టుకోవడం లేదని దారి పొడుగునా తిట్టిందట. నాకు ఆ సంగతి చెప్పినప్పుడు ఇద్దరూ నవ్వారు, నాకు మాత్రం కళ్లలో నీళ్లు తిరిగాయి.

మల్లమ్మకు ఆ తర్వాత చెప్పిన మాట ఒక్కటే. మందును వాళ్ల దగ్గరికి మోసుకెళ్లకు, మనుషులనే ఇక్కడికి తోలుకురా అన్నాను. ఆమె అక్షరాలా పాటించింది. ఒకరోజు యాలాల్ ఆటో ఒకటి దవాఖాన ముందు ఆగితే అందులోంచి ఆడవాళ్లు దిగుతూనే ఉన్నారు. మల్లమ్మ వెనక నిలబడి, ఒక్కరూ పక్కకు పోకుండా లోపలికి తోలింది. వాళ్లలో కొందరికి మందు ఇచ్చాను, చాలామందికి అక్కరలేదని చెప్పాను. ఇచ్చినవాళ్లను ఏడాదికొకసారి రమ్మని, రొమ్ములు చూసి, బీపీ చూసి, ఇంకా కావాలా ఆపేద్దామా అని వాళ్లతోనే మాట్లాడేదాన్ని. ఈ మందు పెళ్లి లాంటిది కాదు, మధ్యలో మళ్లీ ఆలోచించుకోవచ్చు.

ఒక్క ప్రశ్న

పిల్లలూ, ఇంతా రాసి మీకు చెప్పేది కొంచెమే. అంకెను చూసి మందు రాయకండి, మనిషిని చూసి రాయండి. సంచి ఉందో లేదో ముందు తెలుసుకోండి. ముట్టు ఆగిన ప్రతి మనిషినీ, ఆమె జ్వరమని వచ్చినా, పన్ను నొప్పి అని వచ్చినా, తర్వాత ఎప్పుడన్నా మరక పడ్డదా అని అడగండి. తనంతట తాను చెప్పదు. చెప్పకపోవడానికి మీకు తెలియని కారణం ఏదో ఉంటుంది, నర్సమ్మకు కుండ ఉన్నట్టు.

రిటైరయ్యాక ఒకసారి కొడంగల్‌లో చుట్టాలింటికి పోదామని తాండూరు బస్టాండులో కూర్చున్నాను. బస్సు ఎంతకీ రాదు. కొంచెం అవతల, బెంచీ మీద ఎవరో ఒక పెద్ద గొంతు వరసగా ఆడవాళ్లను ఏదో అడుగుతోంది. అడిగించుకున్నవాళ్లు కొంగు నోటికి అడ్డం పెట్టుకుంటున్నారు. ఒక కండక్టరు ఇటు రాబోయి, విని, వెనక్కు తిరిగిపోయాడు. నర్సమ్మ. "ముట్టు ఆగినంక మరక పడ్డదా? సిగ్గుపడకు, చెప్పు. సిగ్గుపడుకుంట కూసుంటే నేను సచ్చిపోదును" అంటూ ఒక్కొక్కరినీ దాటుకుంటూ వస్తోంది.

నన్ను చూసి ఆగింది. రెండు చేతులూ పట్టుకుంది. మల్లమ్మ బాగుందని, ఆమెకు ఇప్పుడు గోలీలు ఆపేశారని, మంచం మీదే పడుకుంటోందని చెప్పింది. తర్వాత పక్కనే కూర్చుని, అదే గొంతుతో అడిగింది.

"డాక్టరమ్మా, నీకు ముట్టు ఆగింది గద. ఆగినంక ఎప్పుడన్న మరక పడ్డదా?"

చుట్టుపక్కల వాళ్లంతా మా వైపు చూశారు. నేను డాక్టర్‌ని కదా నర్సమ్మా అన్నాను.

"అయితేంది? నువ్వు అందర్ని అడుగుతవ్. నిన్నెవరడుగుతరమ్మా?"

 ఇన్నేళ్లలో నన్ను ఆ మాట అడిగిన మొదటి మనిషి ఆమె. లేదు నర్సమ్మా, పడలేదు అన్నాను. ఆమె నా ముఖంలోకి చూసి, నిజమే చెబుతున్నానని నమ్మకం కుదిరాక, లేచి పక్కన కూర్చున్నామె దగ్గరికి వెళ్లింది.